వెనక గదికి వైఫై అందడానికి పాత రూటర్‌ని వాడుకున్నా – నా అనుభవం

మా ఇంట్లో ఫైబర్ వైరు ముందు గదిలోకి దిగుతుంది, మెయిన్ రూటర్ కూడా అక్కడే గోడకి బిగించి ఉంది, దాన్ని అక్కణ్ణించి కదిపే వీల్లేదు. ఇల్లేమో పొడుగు. వెనక గదికి సిగ్నల్ చేరాలంటే మధ్యలో రెండు గోడలు దాటాలి, అందులో ఒకటి పిల్లర్ ఉన్న మందపాటి కాంక్రీటు గోడ, దానికి ఆనించి ఇనుప బీరువా కూడా ఉంది. వెనక గదిలోనే చెల్లి చదువుకునేది, క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే. క్లాసు మధ్యలో వీడియో ఆగిపోవడం, "అన్నయ్యా మళ్లీ పోయింది" అని అరవడం రోజూ ఉండేది. ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చుంటే నెట్ బాగానే వస్తుంది కానీ అక్కడ టీవీ, మాటలు, వచ్చేపోయేవాళ్లు, ఇంకేం వింటుంది క్లాసు.

పాత కనెక్షన్‌తో వచ్చిన రూటర్ ఒకటి అలమరాలో ఊరికే పడుంది. డ్యూయల్ బ్యాండ్ది, అంటే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్నది, పోర్టులు కూడా గిగాబిట్‌వే. దాన్ని వాడుకుంటే కొత్తది కొనే పని లేకుండానే సరిపోతుందనిపించి మొదలుపెట్టా. ఈ పని చాలామంది ఇళ్లల్లో ఏదో ఒకరోజు అవసరం పడేదే కాబట్టి ఏం చేశానో, ఎందుకు అలా చేశానో రెండూ రాస్తున్నా. ఎందుకు అన్నది తెలిస్తే మీ రూటర్‌లో మెనూలు వేరేగా ఉన్నా ఇబ్బంది ఉండదు.

ముందు కొలిచి చూసుకోవడం గురించి చెప్తా, ఎందుకంటే చాలామంది దీన్ని వదిలేస్తారు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు చూసి లాభం లేదు, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్‌ని డీబీఎంలో చూపిస్తుంది, మైనస్ నంబర్లలో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. రూటర్ పక్కన నిలబడితే మైనస్ 35, 40 అలా వస్తుంది. వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడవాలంటే మైనస్ 67 కంటే కిందకి పోకూడదని చూసుకోవాలి, మైనస్ 80 దాటితే కనెక్ట్ అయ్యి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఏదీ తెరుచుకోదు. ఇంకో విషయం, ఈ లెక్క మామూలు కూడికల్లా ఉండదు, 3 డీబీ తగ్గిందంటే పవర్ సగం పోయినట్టు, 10 డీబీ తగ్గిందంటే పదో వంతే మిగిలినట్టు. కాబట్టి మైనస్ 62కి, మైనస్ 82కి తేడా 20 మాత్రమే కదా అనుకోవద్దు, అది వంద రెట్ల తేడా.

నేను ఫోన్ పట్టుకుని మెయిన్ రూటర్ దగ్గర్నుంచి మెల్లగా వెనక్కి నడుచుకుంటూ చూశా. హాల్లో మైనస్ 52, వెనక గది గుమ్మం దగ్గర మైనస్ 70, చెల్లి టేబుల్ దగ్గర మైనస్ 83. ఇది 2.4 మీద. 5 గిగాహెర్ట్జ్ అయితే టేబుల్ దగ్గర అసలు కనపడనే లేదు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు ఎక్కువ మింగేస్తాయి కాబట్టి అది ఊహించిందే. గుమ్మానికీ టేబుల్‌కీ మధ్య అంత పడిపోవడం మాత్రం వింతగా అనిపించి చూస్తే, టేబుల్ నుంచి రూటర్ వైపు గీత గీస్తే సరిగ్గా ఆ ఇనుప బీరువా మీంచే పోతోంది. ఇనుము, అద్దాల వెనక ఉండే పూత, నీళ్ల ట్యాంకు, అక్వేరియం ఇవన్నీ వైఫైకి గట్టి అడ్డాలు. దూరం కంటే మధ్యలో ఏముందన్నదే ఎక్కువ దెబ్బ కొడుతుంది.

కొత్త వైర్లు లాగే ముందు ఉన్నదాంతోనే ఏమైనా వస్తుందా అని చూశా. మెయిన్ రూటర్ యాంటెన్నాలు ఎటంటే అటు వంచి ఉన్నాయి, వాటిని నిటారుగా నిలబెట్టా. నిలువుగా ఉన్న యాంటెన్నా సిగ్నల్‌ని చుట్టూ అడ్డంగా పంపుతుంది, దాని కొన వైపు చాలా తక్కువ వెళ్తుంది, కాబట్టి కొనని మనకి కావాల్సిన గది వైపు తిప్పి పెడితే ఆ గదికి తగ్గుతుందే తప్ప పెరగదు. దీనివల్ల గుమ్మం దగ్గర కొద్దిగా మెరుగైంది, టేబుల్ దగ్గర తేడా పెద్దగా లేదు. బీరువా జరపడం కుదరదు, గదిలో దానికి ఇంకో చోటు లేదు.

తర్వాత రిపీటర్ మోడ్. నా పాత రూటర్‌లో ఆ ఆప్షన్ ఉంది, మెయిన్ రూటర్ వైఫైని గాలిలోంచే పట్టుకుని మళ్లీ తన పేరు మీద పంపిస్తుంది, వైరు అక్కర్లేదు, సుఖం. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఒకే రేడియోతో అటు వినాలి, ఇటు చెప్పాలి. ఒకే ఛానల్ (రేడియో వాడుకునే ఫ్రీక్వెన్సీ ముక్క) మీద రెండూ ఒకేసారి చేయలేదు కాబట్టి ప్రతి ప్యాకెట్టూ, అంటే ప్రతి చిన్న డేటా ముక్కా, గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, స్పీడు దాదాపు సగానికి పడుతుంది. అదీగాక రిపీటర్‌ని సిగ్నల్ లేని చోట పెడితే అది పంపడానికి దాని దగ్గర ఏమీ ఉండదు, సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే హాలు చివర పెట్టాలి. అలా పెట్టి చూస్తే టేబుల్ దగ్గర గీతలు నిండుగా వచ్చాయి, కానీ మా 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో అక్కడికి చేరింది 25, 30 మాత్రమే, పింగ్ (ఒక ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే టైం) ఒకసారి 5 మిల్లీసెకన్లు, ఒకసారి 150. వీడియోలు చూడటానికి పర్లేదు, చూస్తున్నది ముందే కొంత లోడ్ అయ్యి ఉంటుంది. లైవ్ క్లాసుకి అలా పింగ్ ఊగితే గొంతు తెగిపోతుంటుంది. పూర్తి గీతలు ఉండి కూడా నెట్ స్లోగా ఉందని ఎవరైనా అంటే చాలాసార్లు కారణం ఇదే, ఆ గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య బలం చెప్తాయి, రిపీటర్‌కీ మెయిన్ రూటర్‌కీ మధ్య సంగతి చెప్పవు.

సో కేబుల్ లాగాలని డిసైడ్ అయ్యా. దీని మీద నా అభిప్రాయం గట్టిది, వైరు లాగే అవకాశం ఏ కొంచెం ఉన్నా వైరే లాగండి. కేబుల్ చివర పెట్టిన రూటర్ దాని రేడియో మొత్తాన్ని మన ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ ఇస్తుంది, మధ్యలో గోడలెన్ని ఉన్నా కేబుల్‌కి పట్టింపు లేదు. మామూలు క్యాట్ 5ఈ కేబుల్ అయినా 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ మోస్తుంది, ఏ ఇంటికైనా అది చాలు. నేను క్యాట్ 6 తీసుకున్నా, కొత్తగా లాగుతున్నాం కదా అని. ఒకటి మాత్రం చూసుకోండి, లోపల తీగ పూర్తి రాగిదా లేక అల్యూమినియం మీద రాగి పూతా అన్నది. పూతది చవగ్గా ఉంటుంది, తీగ తొందరగా విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ లాస్ ఎక్కువ, గోడ వెంట ఒకసారి బిగించాక మళ్లీ మార్చాలంటే పనంతా మొదటికి వస్తుంది.

కేబుల్ దారి ఆలోచించడానికే ఎక్కువ టైం పట్టింది. నేరుగా పోయే దారి కరెంటు వైర్ల కేసింగ్ పక్కనే ఉంది, కానీ కరెంటు వైరుతో పాటు పొడుగునా పక్కపక్కనే పరుగెత్తించకూడదు, అడ్డంగా ఒకచోట దాటితే ఫర్లేదు. అందుకని నేల దగ్గర స్కర్టింగ్ మీదుగా విడిగా సన్నటి పీవీసీ కేసింగ్ వేసి, తలుపు ఫ్రేమ్ పక్కన చిన్న రంధ్రం చేసి వెనక గదిలోకి తెచ్చాం. మూలల దగ్గర కేబుల్‌ని కత్తిలా మడవకుండా గుండ్రంగా తిప్పాలి. నాన్న డ్రిల్ పట్టుకున్నారు, గోడ లోపల కరెంటు వైరు ఎటు పోతోందో ఆయనకే తెలుసు, "అటు పెట్టకురా, స్విచ్ బోర్డు నుంచి పైకి వైరుంది" అని ఆపి ఇంకో జానెడు పక్కకి జరిపించారు.

రెండు చివర్లా ప్లగ్గులు కొట్టడానికి కేబుల్ పని తెలిసినతన్ని పిలిచాం. పక్కన కూర్చుని చూస్తే బాగుంటుంది ఆ పని. పైతొడుగు కొంచెం ఒలిచి, నాలుగు జతల మెలికలు విప్పి, ఎనిమిది తీగల్ని వరసలో పెట్టి వేళ్లతో సాపు చేసి ఒకే పొడుగుకి కత్తిరించి ప్లగ్గులోకి తోస్తారు. వరస ఇదీ: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ప్లగ్గు క్లిప్పు కిందకి, బంగారు రంగు పిన్నులు మనకి పైకి కనపడేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఈ వరస. దీన్ని టీ568బీ అంటారు. రెండు చివర్లా ఒకే వరస ఉండాలి. పూర్వం రూటర్ నుంచి రూటర్‌కి వేయాలంటే క్రాస్ కేబుల్ కావాలనేవాళ్లు, ఇప్పుడున్న పోర్టులు తమంతట తామే సర్దుకుంటాయి, మామూలు కేబుల్ చాలు.

అంతా కొట్టాక ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే లింక్ వచ్చింది కానీ స్పీడు 1000 బదులు 100 అని చూపిస్తోంది. నెట్ అయితే పనిచేస్తోంది, కాబట్టి ఎవరూ పట్టించుకోరు ఇలాంటిది. కానీ 100 అని వచ్చిందంటే ఎక్కడో తీగ అందలేదన్నమాట, ఎందుకంటే 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నులు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. టెస్టర్ పెట్టించి చూశా. ఆ టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతూ పోతాయి, ఒకటి రెండు మూడు వెలిగాయి, నాలుగు వెలగకుండా ఐదుకి దూకింది. నాలుగంటే నీలం తీగ. ప్లగ్గు చివర వెలుతురుకి పట్టుకుని చూస్తే ఏడు తీగల రాగి ముక్కలు మెరుస్తున్నాయి, నీలం తీగ మాత్రం ఒక మిల్లీమీటర్ వెనకే ఆగిపోయింది, పిన్ను దాన్ని పట్టుకోలేదు. ఆ చివర కత్తిరించి కొత్త ప్లగ్గు కొట్టాక 1000 వచ్చింది. మా నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్సే కదా, దీనికెందుకు ఇంత అని అడగొచ్చు. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు కాపీ చేసుకున్నప్పుడు ఆ తేడా పదిరెట్లు తెలుస్తుంది, రేపు ప్లాన్ పెంచినా కేబుల్ అడ్డం రాకూడదు.

ఇక రూటర్ సెట్టింగ్స్. అసలు విషయం ఇక్కడే ఉంది, జనం ఎక్కువగా తికమకపడేదీ ఇక్కడే. రూటర్ అని మనం పిలిచే డబ్బాలో నిజానికి చాలా పనులు కలిపి ఉంటాయి. బయటి నెట్‌కీ ఇంటికీ మధ్య దారి చూపడం ఒకటి, ఇంట్లో ప్రతి ఫోన్‌కీ ఐపీ అడ్రస్ పంచడం ఒకటి, దాన్నే డీహెచ్‌సీపీ అంటారు, వెనకున్న నాలుగు పోర్టుల్ని కలిపే స్విచ్ ఒకటి, వైఫై రేడియో ఒకటి. రెండో రూటర్ నుంచి మనకి కావాల్సింది ఆఖరి రెండు మాత్రమే, స్విచ్, రేడియో. మొదటి రెండు పనులు ఇంట్లో ఒక్కరే చేయాలి, అది మెయిన్ రూటర్. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా సెట్టింగులన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

అందుకే కేబుల్‌ని రెండో రూటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ వైరు పెట్టేది) పెట్టకుండా లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాల కోసం ఉన్న నాలుగింటిలో ఒకటి) పెట్టాలి. వాన్‌లో పెట్టినా నెట్ వస్తుంది, అందుకే చాలామంది అలా వదిలేస్తారు. కానీ అప్పుడు వెనక గది మొత్తం వేరే నెట్‌వర్క్ అయిపోతుంది, అడ్రసుల తర్జుమా రెండుసార్లు జరుగుతుంది, డబుల్ నాట్ అంటారు దీన్ని. దానివల్ల వెనక గదిలో ఉన్న ల్యాప్‌టాప్‌ని హాల్లో ఉన్నవాళ్ల ఫోన్ చూడలేదు, ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేయడం కుదరదు, ప్రింటర్ కొన్నిసార్లు కనపడదు, ఆన్‌లైన్ గేములు కొన్ని గొడవ చేస్తాయి. పైగా రెండు రూటర్లకీ లోపలి అడ్రస్ 192.168.1.1 అయ్యిందనుకోండి, నెట్ కూడా రాదు, అటూ ఇటూ ఒకే నంబర్లుంటే ఎటు పంపాలో దానికి తెలీదు. లాన్ నుంచి లాన్‌కి పెడితే ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్.

కొన్ని రూటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అనే బటనే ఉంటుంది, అది నొక్కితే ఈ మార్పులన్నీ అదే చేసుకుంటుంది, వాటిలో వాన్ పోర్టు కూడా మామూలు పోర్టులాగే మారిపోతుంది. మీదాంట్లో ఉంటే అదే వాడండి. నాదాంట్లో రిపీటర్ ఉంది గానీ ఇది లేదు, కాబట్టి చేత్తో చేసుకోవాల్సి వచ్చింది.

కేబుల్ కలపకుండానే ముందు సెట్టింగ్స్ పూర్తి చేయాలి. వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నుతో లైట్లన్నీ ఒకసారి మారేదాకా నొక్కి పట్టుకుని రీసెట్ చేశా, పాత పాస్‌వర్డులూ పాత కనెక్షన్ వివరాలూ పోవాలి కదా. ల్యాప్‌టాప్‌ని చిన్న కేబుల్‌తో దాని లాన్ పోర్టుకి పెట్టి, ల్యాప్‌టాప్ వైఫై ఆఫ్ చేసి (లేకపోతే మెయిన్ రూటర్ పేజీయే తెరుచుకుంటుంది), డబ్బా కింద స్టిక్కర్ మీదున్న అడ్రస్, యూజర్ పేరుతో లాగిన్ అయ్యా. మొదట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేశా. ఫర్మ్‌వేర్ (రూటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కొత్తది ఉంటే అప్పుడే వేసుకోవాలి, తయారీదారు సైట్‌లో సరిగ్గా అదే మోడల్, అదే హార్డ్‌వేర్ వెర్షన్‌ది చూసుకుని. పాత రూటర్లకి అప్‌డేట్లు ఆగిపోయి ఉండొచ్చు, అలాంటివాటికి ఆ మోడల్‌ని సపోర్ట్ చేస్తే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఒక దారి. 2004లో మొదలైన ప్రాజెక్టు అది, ఇప్పటికీ నడుస్తోంది. నాదానికి తయారీదారుదే కొత్తది దొరికింది కాబట్టి అటు పోలేదు.

తర్వాత వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టా. ఆపై లాన్ ఐపీ మార్చాలి. మా మెయిన్ రూటర్ 192.168.1.1, అది ఫోన్లకి పంచే అడ్రసులు 100 నుంచి 199 వరకు. కాబట్టి రెండోదానికి 192.168.1.2 ఇచ్చా, పంచే వరసలో లేని నంబర్, ఎవరితోనూ గొడవ రాదు. కొన్ని రూటర్లు 2 నుంచే పంచడం మొదలెడతాయి, అలాగైతే ముందు మెయిన్‌లో ఆ వరసని కొంచెం ముందుకి జరిపి చోటు చేసుకోండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అలాగే ఉంచా. సేవ్ కొట్టగానే పేజీ పోతుంది, కంగారు పడక్కర్లేదు, అడ్రస్ మారింది కాబట్టి కొత్త అడ్రస్ కొట్టి మళ్లీ లాగిన్ అవ్వాలి. అన్నిటికంటే ఆఖర్న డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫ్ చేశా. ఈ వరస కావాలనే పెట్టుకున్నా. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాళ్లు ఉండరు, 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనకి తనే ఇచ్చుకుని కూర్చుంటుంది, రూటర్ పేజీ తెరుచుకోదు, అప్పుడు ల్యాప్‌టాప్‌లో 192.168.1.10 లాంటిది చేత్తో ఇచ్చి లోపలికి వెళ్లాలి.

డీహెచ్‌సీపీ ఎందుకు ఆపాలో కూడా చెప్తా. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు అడ్రసులు పంచుతుంటే ఏ ఫోన్‌కి ఎవరు ముందు జవాబిస్తే వాళ్లదే చెల్లుతుంది. రెండో రూటర్ అడ్రస్ ఇచ్చిన ఫోన్‌కి "బయటికి దారి నేనే" అని కూడా అదే చెప్తుంది, దానికేమో బయటికి దారి లేదు. దాంతో ఇంట్లో సగం ఫోన్లకి నెట్ ఉంటుంది, సగానికి ఉండదు, ఒకసారి వచ్చిన ఫోన్‌కి రేపు రాదు. దీన్ని పట్టుకోవడం చాలా కష్టం, కాబట్టి సేవ్ చేశాక ఇంకోసారి పేజీ తెరిచి నిజంగా ఆఫ్ అయ్యిందా అని చూసుకోండి.

చిన్నది ఇంకోటి, లాన్ సెట్టింగ్స్‌లో గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ అడ్రస్), డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ అడ్రస్ చెప్పేది) పెట్టే చోటుంటే అక్కడ 192.168.1.1 ఇవ్వండి. ఫోన్లకి దీంతో పనిలేదు, ఆ రూటర్ తన గడియారం సరిచేసుకోవడానికీ, అప్‌డేట్లు చూసుకోవడానికీ బయటికి వెళ్లాలంటే కావాలి. రాత్రిపూట వైఫై ఆపే షెడ్యూల్ లాంటివి పెట్టుకునేవాళ్లకి గడియారం తప్పుంటే అర్ధరాత్రి బదులు మిట్టమధ్యాహ్నం ఆగిపోతుంది. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపేది), యూపీఎన్‌పీ (పరికరాలు బయటి నుంచి లోపలికి దారి తమంతట తామే తెరుచుకునేది) రెండూ రెండోదాంట్లో ఆపేశా.

అప్పుడు గోడ నుంచి వచ్చిన కేబుల్‌ని లాన్ పోర్టులో పెట్టా. వాన్ పోర్టు ఖాళీ, ఎవరూ పొరపాటున పెట్టకుండా దాని మీద చిన్న టేపు అంటించా. ల్యాప్‌టాప్‌ని వెనక రూటర్ వైఫైకి కలిపి చూస్తే దానికి వచ్చిన అడ్రస్ 192.168.1.114, గేట్‌వే 192.168.1.1. అంటే అడ్రస్ మెయిన్ రూటరే ఇచ్చింది, సరిగ్గా మనకి కావాల్సింది అదే. 192.168.1.1కి పింగ్ కొడితే 2 మిల్లీసెకన్లు, ఒక్కటి కూడా పోలేదు. టేబుల్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ మీద మైనస్ 44, స్పీడ్ టెస్ట్‌లో ప్లాన్ మొత్తం వచ్చేసింది.

ఛానల్స్ మాత్రం ఆటోలో వదలకుండా నేనే పెట్టా. 2.4లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే, మధ్యలో 3, 4 అని పెడితే రెండు వైపులా గొడవే. యాప్‌లో చూస్తే చుట్టుపక్కల నెట్‌వర్కులన్నీ 6 మీద కిక్కిరిసి ఉన్నాయి, కాబట్టి మెయిన్‌కి 1, వెనకదానికి 11 ఇచ్చి వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేశా. 40 పెడితే ఎక్కువ స్పీడు అని కనిపిస్తుంది గానీ ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట అది అందరికీ ఇబ్బందే. 5లో మెయిన్‌కి 36, వెనకదానికి 149. దేశాన్ని బట్టి అనుమతి ఉన్న ఛానల్స్ మారతాయి, రూటర్‌లో దేశం సరిగ్గా ఎంచుకుంటే అక్కడ వాడుకోగలిగినవే చూపిస్తుంది. 52 నుంచి 144 మధ్యలో ఉన్నవి రాడార్లతో పంచుకునేవి, అవి పెడితే రూటర్ మొదలయ్యే ముందు కనీసం ఒక నిమిషం వినాలి, మధ్యలో రాడార్ అలికిడి తగిలితే ఛానల్ వదిలి వెళ్లిపోతుంది, క్లాసుల కోసం పెట్టుకుంటున్నా కాబట్టి వాటి జోలికి పోలేదు.

పేరు విషయంలో రెండు పద్ధతులున్నాయి. రెండింటికీ వేరే వేరే పేర్లు పెడితే ఏది ఎక్కడుందో తెలుస్తుంది, కానీ గది మారినప్పుడల్లా చేత్తో మార్చుకోవాలి. నేను రెండింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్, ఒకటే సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టా, మూడూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. అప్పుడు ఫోన్ తనే మారుతుంది. అయితే ఎప్పుడు మారాలన్నది రూటర్ చేతిలో లేదు, ఫోన్ చేతిలోనే ఉంది. ఫోన్లు పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70కి పడేదాకా ఇంకోదాని కోసం వెతకదని ఆపిల్ వాళ్లే తమ డాక్యుమెంట్లలో రాశారు. మాకు అదే జరిగింది, నాన్న హాల్లో వీడియో కాల్ మొదలుపెట్టి మాట్లాడుతూ వెనక గదిలోకి వస్తే ఫోన్ ఇంకా ముందు రూటర్‌నే పట్టుకుని ఉండేది, పక్కనే బలమైన సిగ్నల్ ఉన్నా సరే బొమ్మ ముక్కలవుతుండేది.

దీనికి మందు పవర్ పెంచడం కాదు, తగ్గించడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ మెయిన్ రూటర్ 2.4 పవర్‌ని హై నుంచి మీడియంకి తగ్గించా. అప్పుడు గుమ్మం దాటగానే ముందుదాని సిగ్నల్ తొందరగా పడిపోతుంది, ఫోన్ వెంటనే వెనకదాన్ని వెతుక్కుంటుంది. ఎంత తగ్గించాలన్నది ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడిచి చూసుకోవాల్సిందే. యాప్‌లో బీఎస్ఎస్ఐడీ అని రూటర్ రేడియో నంబర్ కనపడుతుంది, పేరు ఒకటే అయినా ఆ నంబర్ మారిన క్షణంలో ఫోన్ గెంతిందని తెలుస్తుంది. మొదట్లో వెనక గది మధ్యదాకా వచ్చాక మారేది, సర్దాక గుమ్మం దగ్గరే మారుతోంది. కాల్ మధ్యలో మారితే ఒక్క క్షణం తడబాటు ఉంటుంది, అది నాకు ఓకే. అసలు ఆ క్షణం కూడా వద్దనుకుంటే 802.11 కే, వీ, ఆర్ అనే పద్ధతులు రెండు రూటర్లలోనూ, ఫోన్‌లోనూ ఉండాలి, పాత రూటర్‌లో అవి దొరకడం అరుదు.

గెస్ట్ నెట్‌వర్క్ గురించి ఒక హెచ్చరిక. మెయిన్ రూటర్‌లో గెస్ట్ వైఫై పెడితే వచ్చినవాళ్లకి నెట్ మాత్రమే ఇచ్చి ఇంట్లో కంప్యూటర్లు కనపడకుండా చూస్తుంది. రెండోదాన్ని ఇలా వాడుతున్నప్పుడు దాంట్లో గెస్ట్ పెడితే చాలా మోడల్స్‌లో ఆ అడ్డుగోడ పనిచేయదు, నేరుగా మన లోపలి నెట్‌వర్క్‌లోకే వచ్చేస్తారు. అందుకే గెస్ట్ ముందు రూటర్‌లోనే ఉంచా. పేరెంటల్ కంట్రోల్, పోర్ట్ ఫార్వార్డింగ్ లాంటివి కూడా అన్నీ మెయిన్‌లోనే పెట్టుకోవాలి, వెనకదాంట్లో పెట్టినా వాటికి పని ఉండదు, ట్రాఫిక్ దాని రూటింగ్ భాగం గుండా పోవడమే లేదు కాబట్టి. ఇంకోటి, ఖాళీగా ఉంది కదా అని ఈ రెండు రూటర్ల మధ్య రెండో కేబుల్ కూడా వేయకండి, స్పీడు పెరగదు సరికదా ప్యాకెట్లు ఆ వలయంలో తిరుగుతూనే ఉండి ఇంటి నెట్ మొత్తం స్తంభించిపోతుంది.

కేబుల్ లాగడం అసలు కుదరని ఇళ్లు ఉంటాయి. వాళ్లు మెష్ సెట్లు (తమలో తాము కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే రూటర్ల జట్టు) చూసుకోవచ్చు, అందులోనూ మూడు రేడియోలు ఉండి ఒకటి తమలో తాము మాట్లాడుకోవడానికే ఉంచేవి మేలు, రిపీటర్‌లో చెప్పిన సగం కోత వాటిలో చాలావరకు తప్పుతుంది. కరెంటు వైర్ల మీదుగానే డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా ఉన్నాయి, అవి ఇంటి వైరింగ్‌ని బట్టి ఒకచోట బాగా, ఒకచోట అధ్వానంగా పనిచేస్తాయి, తిరిగి ఇచ్చేసే వీలుంటేనే కొనండి. మెష్ కొన్నా సరే, కేబుల్ పెట్టగలిగితే పెట్టండి, దాదాపు అన్నీ కేబుల్‌తో కూడా కలుస్తాయి.

ఇప్పుడు వెనక రూటర్‌కి ఉన్న నాలుగు లాన్ పోర్టుల్లో ఒకటి గోడ కేబుల్‌కి పోగా మూడు మిగిలాయి, ఒకదాంట్లో చెల్లి ల్యాప్‌టాప్‌కి నేరుగా వైరు ఇచ్చా, పరీక్షలు ఆన్‌లైన్‌లో రాసేటప్పుడు వైఫై మీద కూడా ఆధారపడక్కర్లేదు. ఇంకోదాంట్లో ప్రింటర్ పెట్టాం, ముందు గదిలోంచి ప్రింట్ కొడితే వెనక గదిలో వస్తోంది, ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ కాబట్టి వేరే ఏమీ చేయాల్సిన పనిలేకపోయింది. కరెంటు పోతే రెండు రూటర్లూ బ్యాకప్ మీద ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి, ముందుది ఒక్కటి బతికుంటే వెనక గదికి లాభం లేదు.

వెనక రూటర్ మీద ఒక స్టిక్కర్ అంటించి దాని అడ్రస్ 192.168.1.2 అనీ, డీహెచ్‌సీపీ ఆఫ్‌లో ఉండాలనీ, రీసెట్ నొక్కొద్దనీ రాసి పెట్టా. ఎందుకంటే ఎప్పుడైనా నెట్ స్లో అయితే ఇంట్లో ఎవరో ఒకరు ఆ రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేసే అవకాశం ఉంది, అప్పుడది మళ్లీ ఫ్యాక్టరీ సెట్టింగుల్లోకి పోయి 192.168.1.1 అయ్యి, అడ్రసులు పంచడం కూడా మొదలెడుతుంది, వెనక గదితో పాటు ఇల్లంతా నెట్ పోతుంది, చూసేవాళ్లకేమో ఫైబర్ లైనే పోయినట్టు అనిపిస్తుంది. అలా ఇల్లంతా నెట్ పోతే కంప్లైంట్ ఇచ్చే ముందు వెనక రూటర్‌కి వచ్చే గోడ కేబుల్ ఒక్కటి పీకి, ఫోన్ వైఫై ఆఫ్ చేసి ఆన్ చేసి, ముందు గదిలో నెట్ వస్తుందేమో చూడమని చెల్లికీ నాన్నకీ చెప్పి పెట్టా. వస్తే తేడా వెనకదాంట్లో ఉన్నట్టు, రాకపోతే లైన్లో ఉన్నట్టు.